బోను లేని నంబర్లు

ఆ ప్రయోగశాలలో బోన్లు పద్నాలుగే. రిజిస్టరులో మాత్రం కుక్కలు పదహారు. ఈ తేడా కనిపెట్టడానికి నేను యాభై రెండేళ్ల వయసులో అక్షరాలు దిద్దుకోవలసి వచ్చింది.

నా పేరు ఈరమ్మ. మా ఆయన బీరప్ప. మేము గొర్రెల వాళ్లం. వరసగా రెండేళ్లు మేత దొరక్క మంద తగ్గిపోయాక, పెనుకొండ దాటి పెద్ద రోడ్డు పక్కన ఉన్న కంపెనీలో ఆయనకు పని దొరికింది. కుక్కలకూ పిల్లులకూ బలం మందులు తయారుచేసే కంపెనీ అది. బొచ్చు నిగనిగలాడడానికి ఒక పొడి, పిల్లుల చూపు తగ్గకుండా ఒక చుక్కల మందు, కుక్కపిల్లల ఎముకలకు ఒక బిళ్ల. పట్నాల్లో ఉండేవాళ్లు కొనుక్కునేవాళ్లట. మా ఆయన ఆ డబ్బాల మీది కుక్కల బొమ్మలు చూసి, వీటికి మనకంటే బాగా జరుగుతోందని నవ్వేవాడు.

ఆయన పని పద్నాలుగు బోన్లలోని ముసలి కుక్కలకు తిండి పెట్టడం. వాటి మీద డాక్టర్ విశ్వమోహన్ అనే పెద్ద సారు కొత్త పొడి ఒకటి పరీక్ష చేస్తున్నాడు. దానికి 'చిరుప్రాయం' అని పేరు పెట్టారు. నరాలకు బలమిచ్చే విటమినుకే ఏదో మార్పు చేసి దాన్ని తయారుచేశాడట. పొడి తెల్లగా పిండిలా ఉండేది కానీ వేపాకు కంటే చేదు. కుక్కలు వాసన చూసి మొహం తిప్పేసుకున్నాయి. మాంసంలో కలిపినా ముట్టలేదు. నాలుగు రోజులు పస్తులున్నాయి.

మా ఆయన చూడలేకపోయాడు. మాలో ఒక పద్ధతి ఉంది. కుక్కపిల్లను మందలో చేర్చుకునే రోజున, మంద కాచే మనిషి రాగి సంగటి కొంచెం తన నోట్లో వేసుకుని నమిలి, ఆ ఎంగిలి ముద్దను దానికి పెడతాడు. ఆ రోజు నుంచి అది ఆ మనిషి కుక్క. ఆయన పెట్టింది ఏదైనా తింటుంది. మా ఆయన అదే చేశాడు. సంగటిలో పొడి కలిపి, నమిలి, ఒక్కో బోనులో చెయ్యి పెట్టి తినిపించాడు. పద్నాలుగూ తిన్నాయి.

అద్దం అవతల నుంచి డాక్టరు చూశాడట. తిడతాడేమోనని మా ఆయన భయపడ్డాడు. డాక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, రేపటి నుంచి ఇలాగే పెట్టమన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన ఆ భుజం నాకు చూపించాడు.

మూడో బోనులో రోజీ అనే ఆడకుక్క ఉండేది. పదిహేనేళ్లది. వెనక కాళ్లు పడిపోయి, లేవలేక పడుకున్నచోటే అన్నీ కానిచ్చేది. ఐదు నెలలు పొడి తిన్నాక అది లేచింది. ఇంకో నెలకు పరుగెత్తింది. గోడ ఎక్కబోయింది. డాక్టరు దాని వీడియో తీసి ఊరూరికీ పంపాడు. ఒకరోజు అలా పరుగెత్తుతూనే నడుం దగ్గర విరిగి రెండుగా మడత పడింది. పడ్డాక కూడా తోక ఊపుతోందట. కోసి చూస్తే తుంటి కీలు అరిగి పిండైపోయి ఉంది. పొడి దాని ఎముకను బాగు చెయ్యలేదు. ఎముక పెట్టే కేక తలకు చేరకుండా దారి మూసేసింది, అంతే. మా ఆయన ఆ సాయంత్రం అన్నం తినలేదు. దానికి నొప్పి తెలిసి ఉంటే ఇంకో రెండేళ్లు పడుకునైనా బతికేదని మాత్రం అన్నాడు.

అప్పటికే ఆయన ఏడాదిగా ఆ పొడి నములుతున్నాడు.

ఇంట్లో నేను చూసినవి ఇవి. ఒకరోజు పొయ్యి మీది సంగటి కుండను గుడ్డ లేకుండా రెండు చేతులతో దించాడు. గొర్రెల కాపరి చేతులు, కాయలు కాసిపోయాయని నవ్వాను. ఇంకోరోజు కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు ఎర్రగా పారాయి. చెప్పులోంచి మేకు మడమలోకి దిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందంటే తెలియదన్నాడు. నేనే పీకాను. నేను పీకుతుంటే ఆయన కుక్కల కబుర్లు చెబుతున్నాడు.

డాక్టరు గురించి గొప్పగా చెప్పేవాడు. సోమవారం సోమవారం తన గదిలోకి పిలిచి, షుగరు ఉందేమో చూస్తానని వేలికి సూది గుచ్చుతాడట. కుర్చీలో కూర్చోబెట్టి తన చేత్తో టీ ఇస్తాడట.

"సలసల కాగే టీ మే, స్టీలు గ్లాసులో. ఎంతసేపు పట్టుకుంటానో అని గడియారం చూసుకుంటా నవ్వుతాడు. అంత చదువుకున్నాయప్ప, నా మాదిరోడికి టీ ఇచ్చేది యాడన్నా చూసినావా?"

చూడలేదని చెప్పాను. నిజంగానే నేను చూడలేదు.

కార్తీకంలో ఒక సాయంత్రం ఆయన రెండు సంగటి ముద్దలు తిని పడుకున్నాడు. తెల్లారి ఒళ్లు కాలిపోతోంది. కడుపు పలకలా బిగిసింది. మధ్యాహ్నానికి హిందూపురం ఆస్పత్రిలో పోయాడు. కడుపులో పేగు పగిలి మూడు రోజులైందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. "మూడు రోజులు ఈ మనిషి గిలగిల కొట్టుకుంటుంటే ఇంట్లో ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగింది. ఆయన కొట్టుకోలేదు. ముందు రోజు పొద్దున పొట్టేలు కథ చెప్పి నన్ను నవ్వించాడు.

కంపెనీ ఒక కాగితం ఇచ్చింది. ఓబులేసు చదివి వినిపించాడు. అతను కుక్కల షెడ్డు సూపర్‌వైజరు, మా ఆయనకు స్నేహితుడు, నన్ను వదినా అనేవాడు. తాగిన మైకంలో పడి కడుపుకు దెబ్బ తగిలించుకోవడం వల్ల చనిపోయాడని ఆ కాగితంలో ఉంది. మా ఆయన జీవితంలో కల్లు కూడా ముట్టలేదు. ఆ మాట ఓబులేసుకు తెలుసు. అయినా గొంతు తడబడకుండా చదివాడు. చదివి వేలిముద్ర వెయ్యమన్నాడు. వేశాను.

ఆ మాట ఊరంతా పాకింది. బీరప్ప గుడిలో పెద్దలు, తాగి చచ్చినవాడికి పూజలో భాగం లేదన్నారు. ఆయన పేరు పెట్టుకున్న దేవుడి గుడి అది. నాకు అప్పటి నుంచి ఒకటే కోరిక. ఆ కాగితం రాసినవాళ్లే ఆ మాట కొట్టెయ్యాలి. వాళ్ల నోటితో వాళ్లే.

నెల తిరక్కుండా ఓబులేసు మళ్లీ వచ్చాడు. కుక్కలు తిండి మానేశాయట. బీరప్ప చేతి ముద్ద తప్ప ముట్టడం లేదట. ఆ ముద్ద నమలడం తెలిసిన మనిషి నువ్వే వదినా, అన్నాడు. వెళ్లాను. చేరిన రోజు నన్ను త్రాసు ఎక్కించి బరువు చూశారు. పనిలోకి తీసుకునేటప్పుడు అందరినీ చూస్తారన్నారు. నేను కూడా సంగటిలో పొడి కలిపి నమిలి పెట్టాను. కుక్కకు పట్టింది మనిషికి కూడా పడుతుందని నాకు అప్పటికి తెలియదు. సోమవారం డాక్టరు షుగరు చూస్తానంటే వేలు చాపి మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. చిన్నప్పటి నుంచి నాకు సూదంటే భయం. డాక్టరుకు నేను చేసే అల్లం టీ నచ్చింది. పదకొండు గంటలకు ఆయనకూ ఓబులేసుకూ నేనే పెట్టి ఇచ్చేదాన్ని.

పిల్లుల గదిలో రుక్సానా అనే అమ్మాయి పనిచేసేది. బోన్ల మీది పేర్ల అట్టలు చూపించి నాకు అక్షరాలు నేర్పింది. మొదట నేర్చుకున్న అక్షరం రోజీ పాత అట్ట మీది 'ర'. ఎందుకు నేర్చుకుంటున్నావక్కా అని అడిగితే, ఏ కుక్కకు ఏ డబ్బానో తెలుస్తుంది కదా అన్నాను. అసలు కారణం చెప్పలేదు. నాకు ఆ కాగితం సొంతంగా చదవాలని ఉండేది. ఓబులేసు చదివింది నిజంగా అందులో ఉందో లేదో చూడాలని.

చదవడం వచ్చాక ఆ కాగితం చదివాను. ఉంది. అన్ని అక్షరాలూ ఉన్నాయి.

ఎవరి ముందూ చదివేదాన్ని కాదు. రిజిస్టరు మొయ్యడం, దుమ్ము దులపడం నా పనే. చదువు రాని మనిషిని చూసి అప్పగించిన పని అది. డాక్టరు చెబుతుంటే ఓబులేసు తెలుగులో రాసేవాడు. ఒక్కో కుక్కకు ఒక్కో పేజీ. నేను చేరిన ఏడో నెలలో ఒకరోజు, మధ్యాహ్నం వాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు, దులుపుతున్న రిజిస్టరు తెరిచాను. పద్నాలుగు పేజీల తర్వాత పదిహేనోది ఉంది.

నం. 15. మగ. బరువు 58 కిలోలు. సూది పరీక్ష, స్పందన లేదు. వేడి గ్లాసు పరీక్ష, నాలుగు నిమిషాలు, స్పందన లేదు. ఆ కింద కార్తీకంలో తారీకు. మృతి. పేగు పగిలింది. చివరి వరకు నొప్పి సూచనలు లేవు. ఫలితం తృప్తికరం.

ఆ చివరి మాట నాకు వెంటనే రాలేదు. 'తృ' ఎక్కడా చూడలేదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. చదవడం పూర్తయ్యాక పేజీ తిప్పాను.

నం. 16. ఆడ. బరువు 46 కిలోలు.

నన్ను త్రాసు ఎక్కించిన రోజు తారీకు అది. ఆ పేజీలో సోమవారాలన్నీ ఉన్నాయి. మొదటి ఐదు నెలలు, స్పందన ఉంది. తర్వాత, తగ్గింది. మొన్నటి సోమవారం ఎదురుగా, లేదు.

రుక్సానా దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను. కళ్లు మూసుకుంటాను, సూదితో గుచ్చమని అడిగాను. నాకేమైందని భయపడింది. గుచ్చమన్నాను. కళ్లు మూసుకుని నిలబడ్డాను.

"గుచ్చినావా?"

తను నా చేతిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"గుచ్చు పాపా."

"మూడుసార్లు గుచ్చినా అక్కా. కళ్లు తెరిచి చూడు."

అరచేతిలో మూడు నెత్తుటి బొట్లు.

ఆ మర్నాటి నుంచి నేను నమిలే ముద్ద వేరు, పొడి కలిపే ముద్ద వేరు. నమిలాక పైన అద్దేదాన్ని. కానీ మా ఆయన పేజీలో ఇంకో సంగతి ఉంది. ఒకప్పుడు జ్వరంతో నోరు చేదై రెండు నెలలు ఆయన కూడా పొడి నమలకుండా ముద్ద పైన అద్దే పెట్టాడు. ఆ రెండు నెలల్లోనూ మొద్దుబారడం పెరుగుతూనే ఉంది. 'ఆపినా ఆగదు, గమనించదగినది' అని డాక్టరు రాయించాడు. అంటే నేను మానేసినా ఒరిగేదేమీ లేదు.

నేను చెబితే రుక్సానా ఆ పేజీల సంగతి కార్మిక ఆఫీసుకు రాసింది. ఒక మనిషి వచ్చి పదిహేనో నంబరు ఎవరని అడిగి వెళ్లాడు. మూడో రోజుకు షెడ్డు చివర రెండు కొత్త బోన్లు లేచాయి. ఒకదాని మీద పెద్ద జాతి కుక్క, మరణించింది అని అట్ట. రెండో దాంట్లోకి ఎక్కడి నుంచో ఒక ఆడకుక్కను తెచ్చి కట్టేశారు. రిజిస్టరు మాయమైంది. ఈ పని రుక్సానాదేనని పనిలోంచి తీసేశారు. నా మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు కూడా డాక్టరు నా టీ తాగి, ఈరమ్మా, అల్లం ఇంకొంచెం వెయ్యి, అన్నాడు.

అప్పుడే నాకు తెలిసింది. కాగితాలు వాళ్ల చేతిలో పని. ఎన్ని బోన్లైనా కడతారు. డాక్టరు తన నోరు మాత్రం కట్టుకోలేడు. నేను మూడు వారాలు అల్లం ఎక్కువ వేసి టీ పెట్టాను.

పొడి అమ్మకానికి అనుమతి ఇచ్చే అధికారులు ముగ్గురు ఒక గురువారం వచ్చారు. పెద్దావిడ ఒకరు, కళ్లద్దాలు, నూలు చీర. ముందు హాల్లో కూర్చున్నారు. డాక్టరు కుక్కలు పరుగెత్తే వీడియోలు చూపించాడు. రోజీ కూడా పరుగెత్తింది. అది విరగక ముందు తీసినది. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఇంట్లో పసిపిల్లలు ఈ పొడి నోట్లో పెట్టుకుంటే ఏమిటని పెద్దావిడ అడిగింది.

"ఏమీ కాదు మేడమ్. మనిషి ఒంటికి ఇది పట్టదు. నేను రోజూ చెంచాడు తిన్నా నాకేం కాదు" అన్నాడు డాక్టరు.

ఆయన ఆ మాట అనడం కోసమే కాచుకుని ఉన్నాను. వంటగదిలోకి వెళ్లాను. టీ మరుగుతోంది. స్టీలు గ్లాసును పట్టకారుతో పట్టుకుని మంట మీద పెట్టి, ఎర్రబడే దాకా ఉంచలేదు కానీ నీటి చుక్క పడితే చురుక్కుమనే దాకా ఉంచాను. అందులో టీ పోసి, పళ్లెం లేకుండా, గుడ్డ లేకుండా, నా కుడి అరచేతిలో పెట్టుకుని హాలు మొత్తం నడిచాను. నిదానంగా నడిచాను. డాక్టరు ముందు బల్ల మీద గ్లాసు పెట్టి చెయ్యి తీశాను. తోలు కొంచెం గ్లాసుకే ఉండిపోయింది.

పెద్దావిడ లేచి నిలబడింది. నీళ్లు తెమ్మని ఎవరికో చెప్పింది. నేను చెయ్యి ఆవిడ వైపు చాపి పట్టుకున్నాను. నొప్పి లేదమ్మా, నాకు తెలియదు, మా ఆయనకు కూడా తెలియలేదు, అని చెప్పాను. పద్నాలుగు కుక్కలకు ఆ పొడి నమిలి పెట్టింది మేమిద్దరమేనని, ఆయన పదిహేనో నంబరని, నేను పదహారో నంబరని చెప్పాను. డాక్టరు నవ్వడానికి ప్రయత్నించాడు. చదువు రాని ఆడది, మొగుడు పోయి మతి చలించిందన్నాడు.

"ఉగాది కాణ్నించి నీ టీలో కూడా అదే కలుపుతాండా సార్. మనిషికి పట్టదంటివే. తాగు."

డాక్టరు గ్లాసు వైపు చూశాడు. ఆయన కోటు మెడ మడతలో ఎప్పుడూ ఒక సూది ఉంటుంది, సోమవారాలకని. అది తీశాడు. అందరూ చూస్తుండగా తన చూపుడు వేలికి గుచ్చుకున్నాడు. తర్వాత నడిమి వేలికి. తర్వాత ఉంగరం వేలికి. ఎదుట ఉన్న కాగితాల మీద నెత్తుటి బొట్లు పడ్డాయి. ఆయనకు నొప్పి తెలుస్తూనే ఉంది, మొహంలో కనిపిస్తోంది. కానీ ఐదు నెలల దాకా తెలుస్తుందని, ఆ తర్వాత పోతుందని, ఆపినా ఆగదని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఆయనే రాయించాడు.

"రోజుకు ఎంత?" అని అడిగాడు. "ఎంత వేశావు ఈరమ్మా? చెంచానా, అరచెంచానా? మధ్యలో ఆపావా? ఆపినా లాభం లేదు... ఎంత వేశావో చెప్పు."

పెద్దావిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మనిషికి పట్టదన్నారు కదా డాక్టరు గారూ" అంది.

అప్పుడు వెనక నుంచి ఓబులేసు గొంతు వినిపించింది. అతని మొహం సున్నం కొట్టినట్టుంది.

"వదినా, నాకు పోసింది కూడా అదే టీనా?"

నేను అతని వైపు చూశాను. అతను హాల్లోంచి బయటికి పోయాడు. పారిపోయాడనుకున్నారు. పది నిమిషాల్లో దాణా బస్తాల కింద దాచిన రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి, పెద్దావిడ ముందు పెట్టాడు. పదిహేనో పేజీ తనే తీశాడు. ఆయప్ప చెప్పినాడు, నేను రాసినా, అని మాత్రం అన్నాడు. పెద్దావిడ చదవబోతే, నేను చదువుతానమ్మా అన్నాను. చేతికి తడిగుడ్డ చుట్టుకుని నిలబడి, మా ఆయన పేజీ మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాను. 'తృప్తికరం' దగ్గర కూడా ఆగలేదు. డాక్టరు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు చదువు వచ్చినందుకు ఆయన ఎక్కువ ఆశ్చర్యపోయాడు, నా చెయ్యి కాలినందుకు కాదు.

చిరుప్రాయం ఆగిపోయింది. కంపెనీ కొత్త కాగితం ఇచ్చింది. అందులో తాగుడు అన్న మాట లేదు. ప్రయోగం వల్ల మరణం అని ఉంది. దాన్ని నేనే గుడికి తీసుకెళ్లి పెద్దల ముందు చదివాను. పూజలో భాగం ఇచ్చారు. డాక్టరు మీద కేసు నడుస్తోంది. ఆయన బెయిలు మీద బయట ఉన్నాడు.

నా ఒంట్లోకి నొప్పి తిరిగి రాలేదు. రోజూ పొద్దున అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. నోట్లో పుండ్లున్నాయేమో వెతుకుతాను. నెలకోసారి రుక్సానా ఆస్పత్రికి తీసుకెళ్లి కడుపు పరీక్ష చేయిస్తుంది. నొప్పి చెయ్యాల్సిన పనంతా కళ్లతో చేసుకుంటున్నాను. కుక్కల్లో ఆరు బతికి ఉన్నాయి. వాటికి కూడా నేనే చూస్తాను, ఒక్కో పంజా, ఒక్కో పన్ను.

ఉత్తరం రెండు నెలల తర్వాత వచ్చింది. డాక్టరు తెలుగులో సొంత చేత్తో రాశాడు, పెద్ద పెద్ద అక్షరాలతో, నేను చదువుకోగలిగేలా. ఈరమ్మ గారికి అని మొదలుపెట్టాడు. రోజూ సూది గుచ్చుకుంటున్నానని, నిన్న ఎడమ చిటికెన వేలు కొంచెం మొద్దుబారినట్టు అనిపించిందని, నిద్ర పట్టడం లేదని రాశాడు. టీలో నిజంగా కలిపావా లేదా, అది ఒక్కటి చెప్పమన్నాడు. కోర్టులో అడగనని, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టాడు.

ఆ టీలో ఏముందో ఇక్కడ రాస్తున్నాను. నీళ్లు, పాలు, చక్కెర, టీపొడి, అల్లం. అంతే. ఏ ఒక్కరోజూ ఇంకేమీ వెయ్యలేదు. మా ఆయన్ను చంపిన పొడిని నా చేత్తో ఇంకో మనిషి నోట్లో పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఈ సంగతి రుక్సానాకు తెలుసు. డాక్టరుకు చెప్పలేదు.

జవాబు రాశాను. ఏ వేలికి ఏ రోజు గుచ్చుకున్నారో, తెలిసిందో లేదో, వేడి గ్లాసు ఎన్ని నిమిషాలు పట్టుకోగలుగుతున్నారో నెలనెలా రాసి పంపండి, అన్నీ చూసి అప్పుడు చెబుతాను, అని. పంపుతాడని నేను అనుకోలేదు. పంపాడు. గీతలు గీసి, తారీకులు వేసి, శుభ్రంగా. మరుసటి నెల కూడా పంపాడు. ఇప్పటికి పదకొండు ఉత్తరాలు వచ్చాయి.

నేను ఒక లావుపాటి పుస్తకం కొన్నాను. ఉత్తరం వచ్చినప్పుడల్లా అందులో ఎక్కించుకుంటాను. నా రాత ఇంకా కుదురుగా రాలేదు, అక్షరాలు గీతలు దాటిపోతాయి. అయినా మొదటి పేజీ మాత్రం జాగ్రత్తగా రాశాను.

నం. 17. మగ.

బరువు దగ్గర ఖాళీ ఉంచాను. వచ్చే ఉత్తరంలో అడుగుతాను.